డాక్టరమ్మ చెప్పని మాట

చాలా ఏళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. అది నేను అన్న మాట. కానీ నాదని ఎవరికీ తెలియదు. హైదరాబాదులో ఒక పెద్ద డాక్టరమ్మ చెప్పిన మాట అని మా ఇంట్లో అందరూ నమ్ముతారు. ఆ నమ్మకం మీద మా ఇంట్లో ఒక పెళ్లి ఆగిపోయింది. ఒక పెళ్లి జరిగింది. ఒక పసివాడు పోయాడు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మనుషుల ముందు నాకు మాట రాదు. బడిలో జవాబు తెలిసినా చెయ్యెత్తేదాన్ని కాదు. ఇంట్లో ఏది వద్దనాలన్నా గొంతు పెగలదు. రోజూ డైరీ రాసుకుంటాను, ఎండ గురించీ, చదివిన పుస్తకం గురించీ, ఎవరు ఏమన్నారో దాని గురించీ. ఈ ఒక్క సంగతి మాత్రం అందులోనూ రాయలేదు. నా డైరీ ఎవరూ చదవరు. అయినా రాయలేదు. ఎందుకు? రాస్తే మర్నాడు నేనే చదవాల్సి వస్తుందనేమో.

మాది గోదావరిఖని. బొగ్గుగనిని మా దగ్గర బాయి అంటారు. మా నాన్న, మేం బాపు అంటాం, బాయిలో పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని చేసేవాడు. అమ్మను అవ్వ అంటాం. మేం ముగ్గురం ఆడపిల్లలం. సరోజక్క, నేను, విజయ. అక్కను బాపు తన సొంత అక్క కొడుకు ఓదెలు బావకే ఇచ్చాడు. మేనరికం. మా వైపు అది కూర్చుని ఆలోచించి చేసేది కాదు. ఆడపిల్ల పుట్టిన రోజే ఎవరింటికి పోతుందో అందరికీ తెలిసిపోతుంది. అక్క ఓదెలు బావకు. నేను ఆయన తమ్ముడు తిరుపతికి. నేను తొట్టెలలో ఉన్నప్పుడే అత్త ఆ మాట అనేసిందట. విజయకు మూడో బావ మిగల్లేదు. "బావలు అయిపోయిన్రు, ఇగ నేను రాజకుమారున్నే చేస్కోవాలె" అని అదే నవ్వేది. మా ఇంట్లో నవ్వు తెలిసింది దానికే.

అక్కకు కొడుకు పుట్టాడు. శీను. పాకడం మొదలుపెట్టగానే వాడి మోకాళ్ల మీద, మోచేతుల మీద కమిలిన మచ్చలు రావడం మొదలైంది. క్వార్టర్ల లైనులో ఆడవాళ్లు అక్క పిల్లవాణ్ణి కొడుతోందనుకున్నారు. ఒకసారి గడప తగిలి పెదవి చిట్లింది. పసుపు అద్దారు, కాఫీ పొడి అద్దారు. రక్తం ధారగా కారలేదు, కానీ ఆగనూ లేదు. మర్నాటికి కూడా వాడి దిండు ఎర్రగానే ఉంది. తర్వాత ఒక మోకాలు ఉబ్బి రాయిలా గట్టిపడింది. మంథని అవతల ఒక ఊళ్లో పసరు కట్టు కట్టించారు. తాయెత్తు కట్టించారు. అత్త మాత్రం మొదటి నుంచీ ఒకే మాట అనేది. మా మరదలు పుట్టింటి రక్తమే గంత, ఆమె తమ్ముడు గిట్లనే పోలేదా అని. అవ్వ తమ్ముడు చిన్నప్పుడు పాలపన్ను ఊడి, రక్తం ఆగక చనిపోయాడు. అవ్వ దాన్ని గాలి సోకడం అనేది. అత్త రక్తం అనేది. అత్తకు ఏ చదువూ లేదు. మా అవ్వ మీద ఆమెకున్న పాత కోపమే ఆ మాట అనిపించింది. కానీ అది నిజం. ఆ సంగతి తర్వాత నాకొక్కదానికే తెలిసింది.

చివరికి దవాఖానలో పిల్లల డాక్టరు చెప్పాడు. ఇది రక్తంలో జబ్బు, ఇక్కడ తేలదు, హైదరాబాదులో రక్తపు జబ్బులు మాత్రమే చూసే డాక్టరు ఉన్నారు, అక్కడికి పోండని. రక్తానికి వేరే డాక్టరు ఉంటారా అని ఓదెలు బావ మళ్లీ మళ్లీ అడిగాడట. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. బోర్డులు చదువుతుంది, డాక్టరు చెప్పింది అర్థం చేసుకుంటుంది అని బాపు నన్ను వెంట పంపాడు.

ఆ పెద్ద ఆసుపత్రిలో ఆ డాక్టరును వెతకడమే ఒక పని అయింది. పిల్లల వార్డుకు పొమ్మన్నారు. అక్కడ మోకాలు చూసి ఎముకల విభాగానికి పంపారు. ఎముకల వాళ్లు మళ్లీ పిల్లల వార్డుకే పంపారు. శీనును ఎత్తుకుని అక్క మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటే, మెట్ల మీద కూర్చున్న ఒకామె పిలిచింది. ఆమె పక్కన ఎదిగిన కొడుకున్నాడు. వాడి రెండు మోకాళ్లూ శీను మోకాలిలాగే ఉన్నాయి. రక్తం మేడం కూర్చునే గది ఇటు వెనకాల అని ఆమె చెయ్యి చూపింది. ఏ బోర్డూ చదవకుండానే దారి దొరికింది.

డాక్టరమ్మ పెద్దావిడ. శీను చేతిని, మోకాలిని తాకినట్టు కూడా తెలియకుండా తాకి చూసింది. పరీక్షలు చేయించింది. జబ్బు పేరు హీమోఫీలియా అంది. రక్తం గడ్డకట్టడానికి కావలసినది ఒకటి వాడిలో పుట్టుకతోనే లేదు. రక్తం నుంచి వేరు చేసిన పసుపు రంగు నీరు సీసాతో ఎక్కిస్తే ప్రస్తుతానికి తగ్గుతుంది. అక్క శీనును పట్టుకుని వార్డులో కూర్చుంది. బావ రక్తం ఇవ్వడానికి పోయాడు. అప్పుడు డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది.

అప్పుడు ఆమె అన్న ప్రతి మాటా నాకు గుర్తుంది. మరిచిపోవాలని చూశాను కనుక ఇంకా బాగా గుర్తుంది.

"మీ అమ్మ తరఫున చిన్నప్పుడే రక్తం పోయి చనిపోయిన మగపిల్లలు ఉన్నారా?"

"మా మేనమామ. పన్ను ఊడి."

ఆమె తల ఊపింది. ఆ మేనమామను తను ఎరిగినట్టు ఊపింది.

"ఇది తల్లి నుంచి వస్తుందమ్మా. తల్లికి ఏమీ కాదు, మోస్తుంది అంతే. మీ అమ్మ మోసింది, మీ అక్కకు ఇచ్చింది. పుట్టే మగపిల్లల్లో ఎవరికైనా రావొచ్చు, రాకపోవచ్చు. సగం సగం."

"మా అక్కవాళ్లది మేనరికం మేడం."

"దానికీ దీనికీ సంబంధం లేదు. బయటివాణ్ణి చేసుకున్నా ఇంతే. నీకు చెల్లెళ్లున్నారా?"

"ఒకతి."

"నువ్వూ మోస్తూ ఉండొచ్చు, ఆమే మోస్తూ ఉండొచ్చు. మీకు కొడుకు పుడితే సూది వేయించే ముందు, ఎక్కడన్నా కోసే ముందు ఇక్కడికి రావాలి. ఇంట్లో అందరికీ చెప్పు. చెబుతావు కదా?"

"చెప్తా మేడం."

ఇంతే. నాకు అర్థమైంది. ఇంటర్లో మేం బటానీ మొక్కల పాఠం చదివాం, పొడుగువీ పొట్టివీ. అది పరీక్ష కోసం చదివాను. ఆ గదిలో మాత్రం అది అవ్వ, అక్క, నేను, విజయ. ఒక చదువుకున్న మనిషి నన్ను పెద్దదాన్నిగా చూసి మాట్లాడడం అదే మొదటిసారి. బయటికి వస్తూ భయపడ్డాను, నిజమే. కొంచెం గర్వపడ్డాను కూడా. అది కూడా చెప్పాలి కదా.

తిరుగు బండిలో పగలంతా కూర్చునే ప్రయాణం. శీను అక్క ఒళ్లో నిద్రపోయాడు. ఓదెలు బావ కిటికీ పక్కన కూర్చున్నాడు. కాజీపేట దాటాక అడిగాడు, డాక్టరమ్మ ఏమన్నది, ఇది ఎందుకు వచ్చిందట అని. నేను అక్క వైపు చూశాను. అక్క నా వైపు చూడలేదు. పిల్లవాడి తల నిమురుతూ కూర్చుంది. ఆ చెయ్యి కదలడం ఆగిపోయింది. ఇంటికి పోగానే అత్త ఏమంటుందో అక్కకు తెలుసు. నాకూ తెలుసు.

"మేనరికం వల్ల అన్నది బావ."

అంతే అన్నాను.  అయితే ఇద్దరి తప్పూ ఉన్నట్టే అని బావ మెల్లగా అని, శీనును అక్క ఒళ్లోంచి తన ఒళ్లోకి తీసుకున్నాడు. అక్క ముఖం చీరకొంగుతో తుడుచుకుంది. ఆ ముఖంలో కనిపించిన తేలిక నేను ఎప్పుడూ మరిచిపోలేదు. అబద్ధం చెప్పినప్పుడు ఏదన్నా చెడు వెంటనే జరిగితే బాగుండేది. జరగలేదు. మంచే జరిగింది. అందుకే దాన్ని పట్టుకుని ఉండడం అంత సులువయింది.

అక్కను కాపాడడానికే అన్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట సగం నిజం. మిగతా సగం ఏమిటి? ఆ ఎండాకాలమే అత్త తిరుపతికీ నాకూ ముహూర్తం పెట్టించాలనుకుంటోంది. తిరుపతి చెడ్డవాడు కాదు. బాయిలో పని, ఇంటికొస్తే స్నానం, భోజనం, స్నేహితులతో నవ్వులు. నాకు అతని మీద కోపం లేదు. నాకు డిగ్రీ చదవాలని ఉంది. ఇంకో ఊళ్లో, గది నిండా పుస్తకాలున్న చోట ఉండాలని ఉంది. నాకు వద్దు అని బాపు ఎదుట అనే ధైర్యం లేదు. నా నోటితో అనలేని మాటను డాక్టరమ్మ నోటితో అనిపించాను. బండిలో నోరు తెరిచే ముందు నేను ఆలోచించింది అక్క గురించేనా? తిరుపతి ముఖం కూడా ఒక్క క్షణం కళ్ల ముందు మెదిలింది. మెదిలిందని ఇవాళ ఒప్పుకుంటున్నాను.

అత్త వచ్చింది. బాపు తల దించుకుని చెప్పాడు, డాక్టరమ్మ ఇగ మన ఇంట్ల మేనరికాలు వద్దన్నదట అని. నేను అంత కూడా చెప్పలేదు. కానీ కాదని కూడా అనలేదు. తలుపు వెనక నిలబడి విన్నాను.

"మన అవ్వ, నాయినది మేనరికం కాదా? నువ్వు, నేను పుట్టలేదా? మనకేం రోగమొచ్చిందిరా?" అంది అత్త. "గా డాక్టరమ్మకు మా మరదలు తమ్ముని ముచ్చట చెప్పిన్రా?"

చెప్పాను అత్తా. చెప్పాను. ఆ మాట నాతోపాటు తలుపు వెనకే ఉండిపోయింది.

 అప్పటిదాకా వాకిట్లో నిలబడ్డ తిరుపతి గడప దాకా వచ్చి అన్నాడు. "పిల్లలు లేకుంటే ఏంది మామ? ఇద్దరమే ఉంటం."

 అత్త లేచి పోయింది. తర్వాత అత్త, బాపు, ఆ అక్కాతమ్ముళ్లిద్దరూ ఏళ్ల తరబడి మాట్లాడుకోలేదు. తిరుపతికి వేరేచోట పెళ్లయింది. నేను కరీంనగర్ హాస్టల్లో చేరి డిగ్రీ చదివాను. కోరుకున్న పుస్తకాలన్నీ చదివాను.

ఇప్పుడు చెప్పబోయేది రాయడం అన్నిటికన్నా కష్టంగా ఉంది.

నాకు సంబంధాలు వచ్చాయి. నేను ఒక్కొక్కటీ ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాను. చదువు అన్నాను, టీచరు ఉద్యోగం అన్నాను. నేను మోస్తున్నానేమో అన్న భయం. నా కడుపున శీను లాంటివాడు పుడితే ఎలాగని భయం. డాక్టరమ్మ మాటను నా వరకు నేను అక్షరం వదలకుండా పాటించాను. అదే సమయంలో విజయకు సంబంధం చూస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. శ్రీరాంపూర్‌లో బాయిపని చేసే కుర్రాడు. మాకు ఏ విధంగానూ చుట్టం కాదు. "బయటి సంబంధం, ఇగ ఏ ఫికర్ లేదు" అని బాపు అందరితో అన్నాడు. ఆ సంబంధాన్ని ఎంచడానికి అదే మొదటి కారణం. పెళ్లిలో నేను కొత్త చీర కట్టుకుని తిరిగాను. నన్ను నేను కాపాడుకున్నాను. దాన్ని కాపాడలేదు. నాకు తెలిసినదాన్ని నాకోసం వాడుకుని, దానికివ్వకుండా దాచాను. దీన్ని పిరికితనం అంటే చాలదు.

అయినా నాకు ఇంకో అవకాశం దొరికింది. విజయ తొలికాన్పుకు ఇంటికొచ్చింది. ఒక సాయంత్రం క్వార్టర్ ముందు అరుగు మీద కూర్చుని చింతకాయ కొరుకుతోంది. పుల్లగా ఉందని ముఖం చిట్లిస్తూనే తింటోంది. ఎదురుగా శీను కుంటుకుంటూ నడిచిపోయాడు. అది నమలడం ఆపింది.

"అక్కా, అత్త అన్నదే నిజమైతే ఎట్లనే? నాకు గిట్లనే పుడితే?"

నేను చెప్పొచ్చు. ఇద్దరమే ఉన్నాం. ఎవరూ వినరు. కానీ చెబితే అది అడుగుతుంది, నీకెప్పటి నుంచి తెలుసు అని. ఆ ఒక్క ప్రశ్నకు భయపడ్డాను. చూడండి, ఎంత చిన్న భయమో.

"డాక్టరమ్మ కన్న అత్తకు ఎక్కువ తెలుసా? నీది మేనరికం కాదు గదా, ఊకె ఫికర్ చెయ్యకు" అన్నాను.

అది మళ్లీ చింతకాయ కొరికింది. నమ్మింది.

ఆడపిల్ల పుట్టాలని ఎంత మొక్కుకున్నానో. కొడుకు పుట్టాడు. ఇంట్లో ఉన్నన్ని రోజులూ నీళ్లు పోసే వంకతో వాడి ఒళ్లంతా వెతికాను. ఒక్క మచ్చ లేదు. పాకేదాకా మచ్చలు కనిపించకపోవచ్చని నాకు శీనును చూసి తెలుసు. అయినా మచ్చ లేదని సంతోషించాను. వాడికి రాలేదు, డాక్టరమ్మ అన్న సగం సగంలో మంచి సగమే దక్కిందని అనుకున్నాను. విజయ బిడ్డను తీసుకుని శ్రీరాంపూర్ వెళ్లిపోయింది.

వానాకాలంలో పిల్లవాడికి జ్వరం వచ్చింది. దగ్గర్లో మందులిచ్చే అతను తొడకు సూది వేశాడు. తొడ ఉబ్బింది. నల్లబడింది. సూది వికటించి గడ్డ లేచింది, కోసి చీము తీయాలి అన్నాడతను. అది చీము కాదు. లోపల ఆగకుండా కారుతున్న రక్తం. అక్కడ ఉన్నవాళ్లలో ఎవరికీ అది తెలిసే వీలు లేదు. తెలిసిన మనిషి గోదావరిఖనిలో పిల్లలకు తెలుగు పాఠం చెబుతోంది.

విజయకు భయం వేసిందట. మా అక్క కొడుక్కు రక్తం ఆగని జబ్బుంది అని తనే అతనితో చెప్పిందట. అతను చెయ్యి ఆపాడట. ఆపాడు. అప్పుడు విజయే మళ్లీ అంది.

"గానీ, వాళ్లది మేనరికం. మాది బయటి సంబంధం. పెద్ద డాక్టరమ్మే చెప్పింది."

అతను కోశాడు.

ఆ మాట విజయ నాకు తర్వాత తనే చెప్పింది. నా భుజం మీద తల పెట్టి ఏడుస్తూ చెప్పింది. తను ఎంత జాగ్రత్తగా ఉందో నాకు తెలియాలని చెప్పింది. తెలిసినవన్నీ చెప్పాను అక్కా, ఏదీ దాచలేదు అక్కా అంది. నేను దాని వీపు నిమిరాను. ఏం చెయ్యమంటారు? నిమిరాను.

కోసిన చోట రక్తం ఆగలేదు. బట్టలు మార్చి మార్చి కట్టారు. మంచిర్యాల తీసుకుపోయారు. అక్కడి నుంచి హైదరాబాదు పొమ్మన్నారు. బిడ్డ దారిలోనే పోయాడు.

మా మరిది, విజయ భర్త, ఆ మందులిచ్చే అతని ఇంటి మీదికి పోయి కొట్టినంత పని చేశాడు. ఊరంతా అతన్నే తిట్టింది. అతను ఆ చుట్టుపక్కల మళ్లీ కనిపించలేదు. కోయకూడనిది కోశాడు, ఆ తప్పు అతనిదే. కానీ ఒక్కసారి చెయ్యి ఆపాడు కదా. ఆపిన చేతిని మళ్లీ కదిలించింది నా మాట. ఇది ఎవరికీ తెలియదు. అతనికి కూడా తెలియదు.

అప్పుడు కూడా చెప్పలేదు. చెప్పి ఏం లాభం, పోయినవాడు వస్తాడా అనుకున్నాను. మనిషి తనకు తాను ఎంత బాగా నచ్చచెప్పుకోగలదో నాకన్నా బాగా ఎవరికీ తెలియదు.

విజయకు మళ్లీ నెల తప్పింది. ఈసారి నాకు నిద్ర కరువైంది. మళ్లీ అదే జరిగితే నేను బతకలేనని తెలుసు. చెప్పాను. కానీ ఎలా చెప్పానో వినండి. ఒక పత్రికలో వ్యాసం చదివాను అన్నాను. ఇది ఆడవాళ్ల నుంచి వస్తుందట, మేనరికం కాకున్నా వస్తుందట అన్నాను. అప్పుడు డాక్టరమ్మ గట్ల చెప్పింది గదా అని బాపు అడిగాడు. ఇప్పుడు కొత్తగా కనిపెట్టారు అన్నాను. బాపు నమ్మాడు. నా చదువు మీద మా ఇంట్లో అందరికీ అంత నమ్మకం.

విజయను తీసుకుని ఆ డాక్టరమ్మ దగ్గరికే పోయాను. ఆమె జుట్టు పూర్తిగా నెరిసింది. గది అదే. విజయకు అన్నీ చెప్పింది, అవే మాటలు, దాదాపు అదే వరసలో. కాన్పు పెద్దాసుపత్రిలోనే కావాలి, బిడ్డ పుట్టగానే బొడ్డు నుంచి రక్తం తీసి పరీక్ష చేయాలి, తేలేదాకా కండకు సూది వేయకూడదు. విజయ పోయిన బిడ్డ సంగతి చెప్పింది. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"మీ అక్క కొడుకును ఇక్కడే చూశాం కదమ్మా. అప్పుడు మీకు ఎవరూ చెప్పలేదా?"

"లేదమ్మా. ఎవ్వరు చెప్పలే. మా అక్కనే ఇప్పుడు పుస్తకాలల్ల చదివి పట్టుకొచ్చింది."

డాక్టరమ్మ నా వైపు చూసింది. గుర్తుపట్టిందా? ఎన్ని వందల ముఖాలు చూసి ఉంటుంది, నన్నెలా గుర్తుపడుతుంది? అయినా ఆమె నా వైపు ఉండాల్సినదానికన్నా కొంచెం ఎక్కువసేపు చూసినట్టనిపించింది. నేను తల దించుకున్నాను. సిగ్గరినని అందరికీ తెలుసు కదా, అలా తల దించుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. నా పిరికితనం ఎప్పుడూ సిగ్గు చాటున దాక్కుంటుంది.

మళ్లీ కొడుకే పుట్టాడు. జబ్బు ఉంది. కానీ ఈసారి మాకు తెలుసు. వాడిప్పుడు పాకుతున్నాడు. విజయ పాత బొంత కత్తిరించి మోకాళ్లకు మెత్తలు కుట్టింది. గడపకు గుడ్డలు చుట్టింది. మొన్న చిగురు తెగితే ఒక్క పూట కూడా ఆగకుండా హైదరాబాదు బండెక్కారు. నవ్వుతూ తిరిగొచ్చాడు.

తొట్టెల రోజు బిడ్డ చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్త. విజయ ఒప్పుకోలేదు. నా కొడుకు బతికిందే మా అక్క వల్ల, అక్కే చెప్పాలె అని పట్టుబట్టింది. అందరూ సరే అన్నారు. అత్త కూడా వచ్చింది, ఇన్నేళ్ల తర్వాత మా ఇంటి గడప తొక్కింది. బాగా ముసలిదైంది. నా తల మీద చెయ్యి పెట్టి, ఇంటికి ఒక్కతన్న చదువుకున్న పిల్ల ఉండాలె అంది. ఆ చెయ్యి బరువు ఇంకా నా తల మీద ఉంది. నేను వంగి బిడ్డ చెవిలో పేరు చెప్పాను. వాడి అన్నకు కూడా ఒక పేరు ఉండేది. అది కూడా ఒకప్పుడు ఎవరో ఇలాగే చెవిలో చెప్పారు.

తిట్టినా తట్టుకునేదాన్నేమో. మెచ్చుకుంటే తట్టుకోలేకపోతున్నాను. దారిలో కనిపించినవాళ్లకల్లా విజయ నా గురించి చెబుతుంది. అది చెబుతున్నప్పుడు దాని ముఖంలో పాత నవ్వు కొంచెం తిరిగి వస్తుంది. ఆ నవ్వును నేను తీసెయ్యాలా? నిజం చెప్పడం దానికోసమా, నా బరువు దించుకోవడం కోసమా? దానికోసమే అయితే ఎప్పుడో చెప్పేదాన్ని. నాకోసమే అయితే దాని బిడ్డను పోగొట్టింది చాలక, దానికి ఉన్న ఒక్క అక్కను కూడా పోగొట్టినట్టవుతుంది. ఇలా అనుకుని మళ్లీ ఊరుకుంటున్నాను. ఇది కూడా మరో సాకేనేమో. సాకులు అల్లడంలో నాకు చేయి తిరిగింది, అందుకే గుర్తుపట్టలేకపోతున్నాను.

మీరు నన్ను క్షమించాలని రాయడం లేదు. క్షమించే హక్కు మీకు లేదు. అది ఉన్న ఇద్దరిలో ఒకరు మాటలు రాకముందే పోయారు. ఇంకొకతి పక్క గదిలో మోకాలి మెత్తకు ఊడిన కుట్టు వేసుకుంటోంది. మీకు చెప్పడం దానికి చెప్పడం కాదని నాకు తెలుసు.

అప్పుడు మీకు ఎవరూ చెప్పలేదా అన్న ప్రశ్న ఆ గదిలో డాక్టరమ్మ విజయను అడిగింది. కానీ జవాబు నా దగ్గర ఉంది. ఆ రోజు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

చెప్పారు మేడం. మీరు చెప్పారు. నాకే చెప్పారు. నాకు అర్థమైంది కూడా.

రాశాక ఏదీ మారలేదు.  అయినా చాలా ఏళ్ల తర్వాత ఊపిరి కాస్త లోపలిదాకా పోయింది.